తాళము వేసిన ఇంటిలో తిరుగు యంత్రములు
(సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



కోయంబత్తూరు తెలుగువారి యెదుట విద్యుద్యంత్రములను గూర్చి మాటలాడబూనుట కొంత సాహసమే. 1937లో పీళమేడున జి.డి. నాయుడుగారును డి. బాలసుందరం నాయుడుగారును వెలువరించిన మోటారు భారతదేశమున తయారైన తొలి విద్యుత్ మోటారని ప్రసిద్ధి. రుబ్బురోటికి మోటారు బిగించి వెట్ గ్రైండరును చేసినదియు, 1955 ప్రాంతమున, ఈ ఊరనే. కనుక యంత్రము మనకు క్రొత్త కాదు. అయినను యంత్రమును చేయుట వేరు, దానిని నడువనిచ్చి ఇల్లు విడిచి పోవుట వేరు. నేడు మేము చెప్పదలచినది ఈ రెండవదానిని గూర్చియే.

మన పెద్దల కాలమున పొయ్యి వెలుగుచుండగా ఇల్లాలు గడప దాటి దూరము పోయెడిది కాదు. పొయ్యి కంటికి కనబడు నిప్పు. ఇస్త్రీపెట్టెలో, గీజరులో, నీళ్లు కాచు రాడ్డులో ఉన్నదియు నిప్పే. అది కనబడదు గనుక ఉన్నదని మనస్సునకు తోచదు.

తీగలో కరెంటు పారునపుడు వేడి పుట్టును. కరెంటు రెట్టింపైనచో వేడి నాలుగింతలగును. 2000 వాట్ల గీజరు మన 230 వోల్టుల సరఫరాపై సుమారు 8.7 ఆంపియర్లు లాగును. దానికి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు ఉండవలయును. నడుమ నొక మార్పిడి ప్లగ్గు పెట్టి 6 ఆంపియర్ల చిన్న సాకెట్టునకే తగిలించిన ఇండ్లు మేము పెక్కు చూచితిమి. మొదటి దినమున ఏమియు కాదు. అందుచేతనే అది ప్రమాదకరము. నెలలు గడచుకొలది సాకెట్టులోని లోహపు రేకులు వేడికి పట్టు సడలును. పట్టు సడలినకొలది వేడి హెచ్చును. ప్లాస్టిక్కుపై గోధుమవన్నె మచ్చ తేలును. ఒక్కొక్కప్పుడు చేపల నీచువాసన వంటిది వచ్చును. ఆ మచ్చ గాని, ఆ వాసన గాని గుర్తించిన నాడే సాకెట్టును మార్పించవలెను. పండుగ కానిమ్మని వాయిదా వేయదగినది కాదు.

“మీటరు వద్ద ఎం.సి.బి. ఉన్నది గదా” యని కొందరు ధైర్యము చెప్పుకొందురు. ఎం.సి.బి. పరిమితికి మించిన కరెంటును, షార్ట్ సర్క్యూటును పట్టుకొనును. భూమికి కారిపోవు కరెంటును, 30 మిల్లీ ఆంపియర్లంత స్వల్పమైనను, పట్టుకొనునది ఆర్.సి.సి.బి. రెండును ప్రతి ఇంట ఉండవలసినవే. కాని వదులైన ప్లగ్గులో పుట్టు వేడిని ఈ రెండును గుర్తింపజాలవు. ఏలయన అచట పారునది మామూలు కరెంటే. దానిని కనిపెట్టగలవి మనుష్యుని ముక్కును చేయియు. ఆ మనుష్యుడు ఇంట లేనప్పుడు?

ఇక కరెంటు పోవు వేళను గూర్చి. ఇస్త్రీ చేయుచుండగా కరెంటు పోవును. ఎదురుచూచి చూచి, పెట్టెను బట్టపైననే యుంచి, పెండ్లికి వేళ మించుచున్నదని ఇంటిల్లిపాదియు తాళము వేసికొని బయలుదేరుదురు. గంటకు కరెంటు తిరిగి వచ్చును. ఇంట నెవరును ఉండరు. పెట్టెలోని థర్మోస్టాట్ ఒక మట్టమునకు మించి వేడిని పోనీయదు, నిజమే. కాని కదలక పడియున్న బట్టను మాడ్చుటకు ఆ మట్టమే చాలును. నీళ్లు కాచు రాడ్డులలో పెక్కింటికి ఆ అడ్డు కూడ లేదు. బకెట్టులో నీరు మరగి తగ్గి రాడ్డు బయటపడినచో అది మిక్కిలి కాగి ప్లాస్టిక్ బకెట్టును కరగించును. కనుక కరెంటు పోయిన తక్షణమే, వేడిచేయు ప్రతి వస్తువు ప్లగ్గును ఊడదీయవలెను. చీకటిలో స్విచ్చి వేసియున్నదో ఆపియున్నదో పొరబడవచ్చును. ఊడదీసిన ప్లగ్గు విషయమున సందేహమే ఉండదు.

అన్నిటిని ఆపివేయుడని మేము చెప్పము. ఫ్రిజ్జు నిరంతరము నడువవలసినది. దానిని గోడకు ఆనించక వెనుక గాలి ఆడనిండు, ధూళి తుడువుడు, గోడ సాకెట్టు నుండియే కరెంటు ఇండు, ఎక్స్‌టెన్షన్ పెట్టె నుండి వలదు. 2017 జూన్ 14న లండనులోని గ్రెన్‌ఫెల్ టవర్ నాలుగవ అంతస్తున, ఒక ఇంటి వంటగదిలోని ఫ్రిజ్జు వద్ద మంట పుట్టెను. అది భవనపు వెలుపలి తొడుగునకు అంటుకొని 72 మంది ప్రాణములను బలిగొనెను. అంతకు ముందేడు ఆగస్టున ఆ నగరముననే షెపర్డ్స్ బుష్ ప్రాంతపు బహుళాంతస్తుల భవనమున బట్టలారబెట్టు యంత్రము నుండి మంటలు లేచెను. నిద్రించునపుడును, ఇంట లేనపుడును అట్టి యంత్రములను, వాషింగ్ మెషిన్లను నడుపవలదని అచ్చటి అగ్నిమాపక దళములవారు హెచ్చరించుచుందురు. పండుకొనబోవుచు మెషిన్ వేయు అలవాటు మన ఇండ్లలోను వచ్చినది. తెల్లవారి లేచిన పిదప వేసినను బట్టలు ఆరును.

హైదరాబాదు చార్మినార్ చెంతనున్న గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న జరిగినది మీరు వినియుందురు. మనవలెనే మరొక ప్రాంతము నుండి వచ్చి తరతరములుగా స్థిరపడిన కుటుంబము. 17 మంది మరణించిరి, అందు 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూట్ కారణమని అధికారులు తొలుత చెప్పిరి. నిప్పుకంటె పొగయే ముందు ప్రాణము తీయునని, బయటపడుటకు ఇరుకుదారి యొక్కటే యున్నచో ఏమగునో, ఆ ఇల్లు చూపినది. ఇపుడు మీ ఇంటి మెట్లను తలచుకొనుడు. వాటి క్రిందనే విద్యుత్ స్కూటరు రాత్రంతయు ఛార్జి అగుచున్నదా? లిథియం బ్యాటరీ అంటుకొనినచో పొగ నేరుగ మెట్లమీదికే పోవును. ఛార్జింగు పగటివేళ, మనుష్యులు మేలుకొని యుండగా, దారికి దూరముగ జరుగవలెను.

ఇందు మనవారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. యంత్రముపై వ్రాత ఆంగ్లమున నుండును. ఇంట మిగులు అవ్వకు, తాతకు అది చదువరాదు. మన పిల్లలలో పలువురకు తెలుగు లిపియే రాదు. కాగితము అంటించిన మాత్రమున పని జరుగదు. పెద్దల చేయి పట్టుకొని మెయిన్ స్విచ్చి వద్దకు తీసికొని పోయి, ఇంటి తెలుగుననే చెప్పి, వారిచేత ఒకమారు ఆపించి చూడవలెను. దాని మీటకు ఎర్ర రంగు పూసినచో ఏ లిపియు అక్కరలేదు. మంట కనబడినచో నీళ్లు చల్లవలదని, వీలైన మెయిన్ ఆపి, లేనిచో వెంటనే బయటికి వచ్చి తలుపు మూయవలెనని, 101కి గాని 112కి గాని ఫోను చేయవలెనని వారిచేత చెప్పించుకొనుడు.

దొంగల భయమున కిటికీలకు, వరండాలకు ఇనుప గ్రిల్లులు బిగించుకొంటిమి. లోపల వృద్ధులుండగా బయట తాళము వేసికొని కొలువునకు పోవు ఇండ్లు మన వీథులలో ఉన్నవి. అది మానవలెను. రాత్రివేళ లోపల వేయు తాళపు చెవి గృహిణి కొంగున గాక, ఆ గ్రిల్లు ప్రక్కనే, పిల్లలకును అందు ఎత్తున, మేకునకు వ్రేలాడవలెను.