వెనుక మసక – ఎవరి కంటికి అందం?

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకునే ఈ వేదిక మీద ఫొటోల గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు నన్ను కాస్త వింతగానే చూశారు. చివరికి "పదిహేను నిమిషాలే సుమండీ" అని షరతు పెట్టి ఒప్పుకున్నారు. వారికి నా కృతజ్ఞతలు.

విషయం మా ఇంట్లోనే మొదలైంది. మా పెళ్లయి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా పాత ఫొటో ఒకటి పెద్దది చేయించి ఫ్రేము కట్టిద్దామని మా మనుమడు బీరువా వెతికాడు. 1981లో మా పెద్దవాడి అక్షరాభ్యాసం నాడు ఇంటి ముందు తీయించుకున్న బ్లాక్ అండ్ వైట్ ఫొటో దొరికింది. "తాతయ్యా, వెనకాల అంతా చిందరవందరగా ఉంది. దండెం మీద బట్టలు, మూలన సైకిలు! బ్యాక్‌గ్రౌండ్ మసక చేస్తే మీ ముగ్గురూ బ్రహ్మాండంగా కనిపిస్తారు" అంటూ ఫోనులో నిమిషంలో చేసి చూపించాడు. నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, "బాగుంది గానీ, మరి అత్తయ్యగారేరీ?" అంది. ఆ ప్రశ్నకు చివర్లో వస్తాను.

మసక బాగుందా లేదా అన్నది ఫొటోలు తెలిసిన వాళ్లందరూ ఒప్పుకునే సంగతేనని మా వాడి వాదన. ఎవరి ఇష్టం వారిదని నా వాదన. ఎవరిది రైటో తేల్చుకుందామని నాలుగు పుస్తకాలు తిరగేశాను. ఈ మసక తీరుకు ఫొటోగ్రాఫర్లు 'బొకే' అని పేరు పెట్టుకున్నారు. పువ్వుల బొకే కాదు, జపాను మాట. 1997లో ఒక అమెరికా ఫొటో పత్రిక దీని మీద వ్యాసాలు వేశాక ఇంగ్లీషులో స్థిరపడింది. జపానులో ముసలితనంలో బుద్ధి మసకబారడానికీ ఇదే మాట వాడతారట. కనుక ఈ విషయం మీద మాట్లాడే అర్హత మనకు పూర్తిగా ఉంది.

మూడు దశాబ్దాలకు పైగా ఆఫీసులో నోటు ఫైళ్లు రాసినవాణ్ణి. వాస్తవం ఒక పేరాలో, అభిప్రాయం మరో పేరాలో రాయాలని మా సూపరింటెండెంటు గారు నేర్పారు. అలాగే మనవి చేస్తాను.

మొదటిది, మసక ఎంత? ఇది లెక్క. లెన్సులో వెలుతురు దూరే రంధ్రం ఎంత పెద్దదైతే మసక అంత ఎక్కువ. 50 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 2 దగ్గర పెడితే రంధ్రం వెడల్పు 25 మిల్లీమీటర్లు. మీ ముఖానికి ఫోకస్ చేసి తీస్తే, మీ వెనుక చాలా దూరాన ఉన్న వీధి దీపం, మీ ముఖం కొలతలో చూస్తే సరిగ్గా ఆ 25 మిల్లీమీటర్ల బిళ్ళలా పడుతుంది. ఎఫ్ 8 దగ్గర పెడితే ఆరు మిల్లీమీటర్లు, అంటే శనగగింజంత. ఫోను లెన్సు రంధ్రమే మూడు నాలుగు మిల్లీమీటర్లు. అందుకే ఫోను తనంతట తాను అంత మసక ఇవ్వలేక, మనిషిని గుర్తుపట్టి మిగతాదాన్ని లెక్కలు కట్టి చెరిపేస్తుంది. జడ అంచు, కళ్లజోడు కాడ ఒక్కోసారి ఎగిరిపోయేది ఇందుకే.

రెండవది, మసక ఎలాంటిది? ఇదీ వాస్తవమే. ఒకే సైజు బిళ్ళ ఒక లెన్సులో అంచు మెరుస్తూ గట్టిగా పడుతుంది. అప్పుడు వెనుక ఉన్న కొమ్మలు, గడ్డిపరకలు జంట గీతల్లా కనిపించి కన్ను చెదురుతుంది. మరో లెన్సులో మధ్య వెలుగుతో, అంచు కరిగిపోతూ మెత్తగా పడుతుంది. ఇది గాజును ఎలా సానబట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. రంధ్రం రేకులు అయిదైతే దీపాలు అయిదు పలకలుగా వస్తాయి. అద్దాలు అమర్చిన దూరపు లెన్సులో దీపాలు గాజుల్లా, మధ్యన ఖాళీగా వస్తాయి. ఈ మసకను చక్కదిద్దడానికే నికాన్ వారు 1990లో ఒక లెన్సు, మినోల్టా వారు 1999లో మరొకటి ప్రత్యేకంగా చేశారు. అంతా ఇష్టాయిష్టాలే అయితే ఇంజనీర్లు ఇంత శ్రమ పడరు కదా! ఇంతవరకు మా మనుమడిదే గెలుపు.

మూడవది, నచ్చడం. ఇక్కడ కాలం, మనిషి వచ్చి చేరతారు. 1840లో వియన్నాలో పెట్స్వాల్ గారు చేసిన లెన్సులో మధ్యభాగం స్పష్టంగా ఉండి, చుట్టూ ఉన్నది సుడి తిరిగినట్టు వచ్చేది. అది లోపం. ఈనాడు అదే సుడి కోసం పాత రష్యా లెన్సులు వెతికి కొంటున్నారు. మరోవైపు 1932లో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ వంటివారు 'ఎఫ్ 64' అనే బృందం పెట్టారు. అది బాగా చిన్న రంధ్రం గుర్తు. ముందున్నదీ వెనుకున్నదీ అంతా స్పష్టంగా కనపడాలన్నది వారి పట్టు. ఇద్దరిలో ఎవరినీ తప్పనలేం. మన సంగతే చూడండి. శుక్లాల ఆపరేషనుకు ముందు నాకు ప్రతి వీధి దీపమూ చెదిరిన వెలుగు ముద్దలానే కనిపించేది. దాన్ని అందమని నేనెన్నడూ అనుకోలేదు!

ఇక మా ఆవిడ ప్రశ్న. 1981 నాటికి మా నాన్నగారు పోయి మూడేళ్లయింది. శుభకార్యం కదా అని మా అమ్మ ఫొటోలోకి రాలేదు. ఎంత బతిమాలినా "నాకెందుకురా" అని గుమ్మం లోపలికి వెళ్లి నిలబడింది. ఫొటోగ్రాఫరు మంచి ఎండలో తీశాడు కనుక రంధ్రం చిన్నదే పెట్టి ఉంటాడు. గుమ్మం నీడలో, తలుపు పట్టుకుని, మనుమడి పలక వైపు చూస్తున్న మా అమ్మ ముఖం అందులో పడింది. మా దగ్గరున్న ఆమె ఫొటో అదొక్కటే. ఫోను ఆమెను తలుపు చెక్కతో, సైకిలుతో కలిపి జమకట్టింది. ఆనాడు తనంతట తానే వెనక్కి తప్పుకున్న మనిషిని ఈనాడు మేము పూర్తిగా తుడిచేశాం.

ఈ సంగతి చెప్పాక మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, "ముత్తవ్వ నవ్వుతోంది తాతయ్యా" అన్నాడు. నలభై ఏళ్లకు పైగా చూస్తున్న ఫొటోలో అది నేను గమనించనే లేదు.

కనుక నా నోటు ఇది. మసక ఎంత, ఎలాంటిది అన్నవి వాస్తవాలు. నచ్చడం అభిరుచి. వెనుక ఉన్నది అక్కర్లేనిదా కాదా అన్నది మాత్రం లెన్సూ చెప్పలేదు, ఫోనూ చెప్పలేదు. ఫొటోలోని మనుషులను ఎరిగినవాళ్లే చెప్పాలి. ఇప్పుడు ఆ ఎరిగినవాళ్లం మనమే. పిల్లలు పాత ఫొటోలు బాగుచేస్తామంటే సంతోషంగా చేయించుకోండి. కానీ అసలు ఫొటోను విడిగా దాచండి. ముందున్న వారి పేర్లతో పాటు వెనుకున్న వారి పేర్లు కూడా ఫొటో వెనుక పెన్సిలుతో రాసి పెట్టండి.

మా ఇంట్లో ఫ్రేము కట్టించినది అసలు ఫొటోనే. దండెం, సైకిలు అన్నీ అందులో ఉన్నాయి.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. సెలవు తీసుకుంటాను.