కోసిన పువ్వుకు మరి మూడు రోజులు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు పది నిమిషాలే అన్నారు గనుక నేరుగా విషయంలోకి వస్తాను.

సన్మానాల్లో ఇచ్చే పూలగుత్తులు మర్నాటికే తల వాలుస్తాయి. పాత పూలు అంటగట్టాడని మోండా మార్కెట్లో అమ్మినవాణ్ణి తిట్టుకుంటాం. కాని కోసిన పువ్వు ఆకలికన్న ముందు దాహంతో వాడిపోతుంది. కాడలో నీరెక్కే సన్నని గొట్టాలుంటాయి. కోసినచోట గాలి చేరినా, పాచినీటిలోని సూక్ష్మజీవులు అడ్డుపడినా నీరు పైకెక్కదు. ఒక్క టేబుల్ దగ్గర ఆగితే ఫైలు ముందుకు కదలదని మనకు తెలియనిదా!

విరుగుడు వంటింట్లోనే ఉంది. లీటరు నీటికి రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, ఒక పెద్ద చెంచా పంచదార. నీటికి కాస్త పులుపు తగిలితే కాడ బాగా పీలుస్తుంది, సూక్ష్మజీవుల జోరూ తగ్గుతుంది. మన బోరునీళ్ళకు ఇది మరీ అవసరం. పంచదార పువ్వుకు ఆహారం. గ్లాడియోలస్, లిల్లీ కాడల పైమొగ్గలు విచ్చుకోవడానికి అదే బలం. అయితే పంచదార ఒక్కటే వేస్తే మేలుకన్న కీడెక్కువ. సూక్ష్మజీవులకూ అదే విందు.

నిమ్మరసం ఉంది కదా అని శుభ్రత మానరాదు. ఫ్లవర్‌వాజ్‌ను సబ్బుతో కడగాలి. నీటిలో మునిగే ఆకులు తీసేయాలి. పదునైన కత్తితో కాడ చివర అర అంగుళం ఏటవాలుగా కోయాలి. రోజూ నీరు మార్చాలి. జెర్బెరా కాడ త్వరగా కుళ్ళుతుంది, దానికి మూడంగుళాల నీరు చాలు. పండిన అరటి, మామిడి పండ్ల పక్కన పూలు పెట్టకండి. పండ్లనుంచి వచ్చే ఇథిలీన్ వాయువు వాటిని వాడగొడుతుంది. రాగి పైసా వేయమంటారు కొందరు. ఇప్పటి రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలుది, వేసినా ప్రయోజనం లేదు. మల్లెలకు కాడ లేదు గనుక ఈ నీరు పనికిరాదు, తడిగుడ్డలో చుట్టి చల్లని చోట ఉంచడమే.

ఈ వయసులో ఇతనికి ఈ పిచ్చేమిటని మీకు అనిపించవచ్చు. మా ఆవిడ నాలుగేళ్ళుగా మంచం దిగలేదు. ఆమెకు కనబడేటట్టు కిటికీ దగ్గర పూలు పెడతాను. రోజూ బజారుకు వెళ్ళి వచ్చే ఓపిక నాకు లేదు. ఉత్తనీళ్ళలో నాలుగు రోజులుండే గులాబీలు మా ఇంట్లో ఇలా వారం ఉంటున్నాయి. ఈ రోజు ఏ మొగ్గ విచ్చిందో నాకంటే ముందు ఆమే చెబుతుంది. ఆ మూడు రోజుల విలువ మాకు తెలుసు.

చేవెళ్ళ, మొయినాబాద్ రైతులు కష్టపడి పండించి గుడిమల్కాపూర్ మార్కెట్టుకు తెచ్చే పూలు మన సభలో ఒక్క గంట మెరిసి చెత్తబుట్టలో పడుతున్నాయి. అందుకే ఒక ప్రతిపాదన. ఇకపై గుత్తి రాగానే ప్లాస్టిక్ కాగితం విప్పి బకెట్ నీళ్ళలో ఉంచుదాం. సభ ముగిశాక, రాలేకపోయిన సభ్యుల ఇళ్ళకు ఆ పూలు చేరుద్దాం. వెంట నిమ్మరసం, పంచదార కొలతల చీటీ కూడా. మోండా, మారేడ్‌పల్లి వైపు ఇళ్ళకు నేను తీసుకువెళతాను. తక్కిన పేటలకు ఎవరు వెళతారో ఈరోజే పేర్లు ఇవ్వండి.