వినేవాళ్లు మిగలాలి



శాస్త్రీయ సంగీతం గురించి, దాని రేపటి శ్రోతల గురించి మాట్లాడమన్నారు. హాస్టల్ వార్డెన్లకు సంగీతంతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. ఆ రేపటి శ్రోతలు ఏడాదిలో పది నెలలు మా దగ్గరే ఉంటారు. అందుకే ఒప్పుకున్నాం.

శాస్త్రీయం అనగానే వీణ, వయొలిన్, కర్ణాటక కచేరీ గుర్తొస్తాయి. ఆ విద్యను గురువు దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకోవాలి. తెలిసిన శ్రోతలు చేత్తో తాళం వేస్తూ వింటారు. లెక్క తప్పితే పట్టేస్తారు. మన ప్రధాన్ల పాట కూడా ఇలాంటిదే. మూడు తీగల కిక్రిని కొడుకు తండ్రి దగ్గర నేర్చుకుంటాడు. ఏ సగ వారి ముందు ఆ సగ కథ పాడాలి. కథ తెలిసిన పెద్దలు ఎదురుగా ఉంటారు కాబట్టి ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు.

కర్ణాటక సంగీతాన్ని ఒకప్పుడు రాజులు, జమీందార్లు, దేవాలయాలు పోషించాయి. ఆ ఆసరా తగ్గుతున్న కాలంలో పట్నాల్లో శ్రోతలే సభలు పెట్టుకున్నారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1928లో మొదలైంది. కిక్రిని పోషించింది మాత్రం గోండు ఇళ్లే. ఒక్కో ప్రధాన్ కుటుంబానికి కొన్ని గోండు ఇళ్లు ఉండేవి. పాటకు ధాన్యమో, పశువో ఇచ్చేవారు.

ఆ ఇళ్ల పిల్లలే ఇప్పుడు మా హాస్టళ్లలో ఉన్నారు. పుష్యమాసంలో పూజలు జరిగేటప్పుడు పదో తరగతి పిల్లలు పరీక్షలకు చదువుతుంటారు. చదువు పక్కన పెట్టమని మేం ఎన్నడూ చెప్పం. 1943లో మర్లవాయిలో గోండి ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. బడీ మన భాషా కలిసి నడవగలవని పెద్దలు అప్పుడే నమ్మారు.

గుస్సాడీ కనకరాజు గారికి 2021లో, కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. అందరం ఫోటోలు పంచుకున్నాం. 2024లో ఇద్దరూ వెళ్లిపోయారు. రామచంద్రయ్య గారు పాడిన వంశకథను మొదటి నుంచి చివరి దాకా కూర్చుని విన్నవాళ్లం మనలో ఎంతమందిమి?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, అందరూ కిక్రి వాయించాలని మేం అడగడం లేదు. పెర్సాపేన్ పూజలు వేసవి సెలవుల్లో కూడా వస్తాయి. ఒక్క రాత్రి పూర్తిగా కూర్చుని వినండి. అర్థం కాని మాట పొద్దున్నే తాతనో అవ్వనో అడగండి. ఫోన్‌లో రికార్డు చేసే ముందు అనుమతి తీసుకోండి. కొన్ని పాటలు పూజకే పరిమితం. పాడినవారి పేరు, ఊరు, సందర్భం రాసిపెట్టుకోండి. పేరు లేని రికార్డు పదేళ్ల తర్వాత ఎవరికీ పనికిరాదు.

ఇంకో మాట. మన సభల్లో డోలు, పేప్రే అతిథిని స్టేజీ దాకా తీసుకురావడానికే పిలుస్తున్నాం. అతిథి కుర్చీలో కూర్చోగానే ఆపమంటున్నాం. ఇకమీదట కళాకారులకు కూడా కుర్చీ వేద్దాం, గంట సమయం ఇద్దాం, దారి ఖర్చులతో పాటు పారితోషికం ఇద్దాం. మా వంతుగా హాస్టల్లో నెలకో శనివారం సాయంత్రం ఒక పెద్దను పిలిచి పిల్లల ముందు కూర్చోబెడతాం. మీ ఊళ్లో పాడేవారెవరో మాకు చెప్పండి. ఆ పిలుపు పని మేం చూసుకుంటాం.