లీడ్స్‌లో విన్న బాయి చప్పుడు

(స్వర్ణోత్సవ సభలో 1979 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి ప్రసంగం)

 

ఐదు నిమిషాల్లో ముగించమని కార్యదర్శి గారి ఆజ్ఞ. పొద్దుటి నుంచి అందరూ ఘంటసాల, సుశీల పాటలు తలచుకున్నారు. నా జ్ఞాపకం కొంచెం వింతది, ఓపిక పట్టండి.

1986లో మైనింగ్ చదవడానికి ఇంగ్లండ్‌లోని లీడ్స్ వెళ్లాను. చలికాలం నాలుగింటికే చీకటి. హాస్టల్లో పక్క గది కుర్రాడు ఎప్పుడూ నల్ల బట్టలే, కళ్లకు కాటుక. చూసి జడుసుకున్నాను. ఒక రాత్రి అతనే తలుపు తట్టి క్యాసెట్ చేతిలో పెట్టాడు. ‘సిస్టర్స్ ఆఫ్ మెర్సీ’. పేరు చూసి చర్చి పాటలనుకున్నాను. తీరా వింటే పాతాళం నుంచి వచ్చినట్టు గొంతు! 1980లో ఆ ఊళ్లోనే పుట్టిన బృందం. వాళ్లకు డ్రమ్ము కొట్టేది మనిషి కాదు, యంత్రం. దానికి ‘డాక్టర్ అవలాంచ్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. తర్వాత ‘బౌహౌస్’ విన్నాను. 1979లో వచ్చిన వాళ్ల మొదటి రికార్డులో పాట తొమ్మిది నిమిషాల పైనే. ఆ సంగీతాన్ని గోత్ అంటారు. దిగులును దాచుకోనక్కర్లేదని, ఇంటి మీద బెంగతో ఉన్న నాకు అది చెప్పింది.

ఆ కుర్రాడే ఇండస్ట్రియల్ సంగీతమూ వినిపించాడు. బెర్లిన్‌లో ఒక బృందం ఇనుప రేకులు, డ్రిల్లింగ్ మెషిన్లు వాయించేది. లండన్‌లో ‘టెస్ట్ డిపార్ట్‌మెంట్’ తుక్కు ఇనుము మీద దరువు వేసేది. 1984–85లో బ్రిటన్ బొగ్గు కార్మికులు దాదాపు ఏడాది సమ్మె చేసినప్పుడు, వీళ్లు సౌత్ వేల్స్ సమ్మె కార్మికుల గాయక బృందంతో కలిసి రికార్డు చేశారు. అది వింటుంటే హాలేజీ తాడు, టబ్బుల చప్పుడు, షిఫ్టు సైరన్ అన్నీ గుర్తొచ్చాయి. ఏడ్చేశాను.

ఎందుకంటే ఇదే బడిలో, ఎనిమిదో తరగతిలో, మీ నాన్న ఏం చేస్తారని సారు అడిగితే ‘ఆఫీసులో’ అన్నాను. మా నాన్న బాయిలో డ్రిల్లరు.

1988లో సెలవులకొచ్చి నాన్నకు ఆ క్యాసెట్ పెట్టాను. అప్పటికే చెవులు సరిగా వినపడవు. లేచి వచ్చి స్పీకరు మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపాగి, “ఇది హాలేజీ గదరా! తాడు తెగేటట్టున్నది, ఆపుమను” అన్నాడు. ఫిజిక్సు సారు ట్యూనింగ్ ఫోర్కు మోగించి నీళ్లలో ముంచి, శబ్దమంటే కంపనమేరా అని చూపించిన పాఠం ఆరోజు పూర్తిగా అర్థమైంది.

బడిలో ఆడిన అబద్ధం సంగతి మాత్రం నాన్నకు చెప్పలేకపోయాను. ఆయన ఇప్పుడు లేడు. అందుకే మీ అందరి ముందు దిద్దుకుంటున్నాను.

ఒక్క కోరిక. మన పాత బాయి మూతపడింది, ఆ సైరన్ ఆగిపోయింది. మీలో ఎవరింట్లోనైనా పెళ్లి క్యాసెట్లోనో, పిల్లల మాటల వెనకో అది రికార్డయి ఉంటే దయచేసి సంఘానికి ఇవ్వండి. మన పిల్లలు ఒక్కసారైనా వినాలి.

సెలవు.