ఎందులో సగము?



తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా కర్ణాటకములోనిదే యైనను, దాదాపుగా దానిచుట్టును ఆంధ్రదేశమే ఆవరించియుండుటచేత, అచటి పల్లెలలో పెక్కుమంది పిల్లలు ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో కన్నడము చదువుకొనుచుందురు. అట్టి పిల్లలకు భిన్నములను చదువుటయు వ్రాయుటయు నేర్పు విధమును గూర్చి నేడు కొంత ముచ్చటింప దలచితిని.

భిన్నమనగానే మనకు గీతకు పైనొక అంకె, క్రిందనొక అంకె స్ఫురించును గాని, పల్లెటూరి బిడ్డ కా సంగతి బడికి రాకమునుపే నోట నున్నది. అరకిలో బెల్లము, ముప్పావు గంట, ఎకరమున్నర చేను – ఇవి వాడు నిత్యము వినుచున్న మాటలే. కన్నడపు అయ్యవారు చెప్పు కాలు (పావు), ముక్కాలు (ముప్పావు) మన పాత లెక్కలలోను ఆ పేర్లతోనే యున్నవి. కావున చిక్కంతయు వ్రాతలోనే.

ఆ చిక్కును విప్పుటకు పావగడ పొలములకంటె మంచి పాఠ్యపుస్తకము నాకు తోచదు. కర్ణాటకమున ఎకరమునకు 40 గుంటలు. పహణీ యను భూమి పత్రములో ఎకరమున్నర చేను 1-20 అని యుండును. పొలిమేర దాటి ఆంధ్రములోని మడకశిర వైపునకు పోయినచో ఎకరమునకు 100 సెంట్లు. అచట అంత చేనే 1.50 అగును. ఈ రెండు వ్రాతలను పలకమీద ప్రక్కప్రక్కన నుంచి, ఏది పెద్ద చేనని అడిగినయెడల, 20 కంటె 50 ఎక్కువ గనుక పిల్లవాడు రెండవదానిని చూపుట సహజము. అప్పుడు వానిని మందలింపక, ఈ 20 ఎన్నింటిలోనివి, ఆ 50 ఎన్నింటిలోనివి యని అడుగవలెను. నలువదింటిలో ఇరువదియు, నూరింటిలో ఏబదియు సగమే యని వాడు తనంతట తాను కనుగొన్న దినముననే హారమన నేమో వానికి బోధపడినట్లు. హారము ఎంత వడ్డించిరో చెప్పునది కాదు, ఎన్ని సమభాగములు చేసిరో చెప్పునది.

పావగడ తాలూకాలోనే తిరుమణి ప్రాంతమున సుమారు 13,000 ఎకరములలో సౌర విద్యుత్ క్షేత్రము వెలసినది. రైతులు భూమిని అమ్మక, తొలుత ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున కౌలు కిచ్చిరి. ఆ లెక్కను 10 గుంటల యాసామికి పావువంతుగా 5,250 రూపాయలును, 30 గుంటల వానికి ముప్పావుగా 15,750 రూపాయలును వచ్చును. ఇంటిలో వినబడు లెక్కను బడిలో చేయించిన బాలుడు నిద్రపోడు.

ఇది కొంచెము పెద్దవారి మాట. చిన్నవారికి కాగితపు పట్టీ చాలును. ఒకసారి మడిచిన రెండు, మరల మడిచిన నాలుగు, మూడవమారు ఎనిమిది. ఎనిమిది నాలుగుకంటె పెద్దది గనుక 1/8 కూడ 1/4 కంటె పెద్దదని భ్రమించు బాలుడు, ఒక్క ఒబ్బట్టును నలుగురికి పంచుటయా, ఎనమండుగురికి పంచుటయా, నీకేది కావలెనని అడిగినంతనే దారికి వచ్చును. పిమ్మట 12 శనక్కాయలలో పావువంతు తీయుమనవలెను. విడివిడి వస్తువులకును భాగము కలదని తెలియుటకు ఇది యవసరము. కర్ణాటక ప్రభుత్వముతో కూడి అక్షర ఫౌండేషను నడపిన గణిత కలికా ఆందోలనమున 4, 5 తరగతుల కిచ్చిన పరికరములలో భిన్నముల పట్టీలు నున్నవి. మంచిదే, కాని పెట్టెలో దాచిన పట్టీకంటె పిల్లవాడు చేతితో మడిచిన కాగితమే మేలు.

భిన్నగణితము మనకు క్రొత్త గాదు. కన్నడదేశము నేలిన రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దమున, మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున భిన్నములను విపులముగా చర్చించెను. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. రెండు భాషల నడుమ నున్న పావగడకు ఈ వారసత్వము రెండువైపులనుండియు చెందును. ఆ కాలమువారు అంశమును పైనను హారమును క్రిందను వ్రాసిరే గాని నడుమ గీత గీయలేదు. అది తరువాత అరబ్బు గణితజ్ఞులు చేర్చినది.

ఇక వ్రాతక్రమము. పైయంకెనుండి మొదలిడుట వాడుకయైనను, నా మతమున గీత గీచి ముందుగా క్రిందియంకెను వ్రాయించుట ఉచితము. తెలుగున నాలుగింట మూడు వంతులందుము. కన్నడమునను హారమే ముందు వచ్చును. నోటి వరుసయు చేతి వరుసయు ఏకమైనచో, బిడ్డ ముందు భాగములు చేసి, పిమ్మట తీసికొనును. త్రీ బై ఫోర్ అని వల్లించువానికి రెండంకెలు మాత్రమే మిగులును. కూడికలు, తీసివేతలు ఈ చదువు స్థిరపడిన పిమ్మట వచ్చిన చాలును. ఒక యేడు ఆలస్యమైనను నష్టము లేదు.