మండువా ఇల్లు: పగలగొట్టాలా, బాగుచేయించాలా?

ఊళ్ళో పొలాల పక్కన తాతలనాటి పెంకుటిల్లు ఉండి, దాన్ని ఏం చేయాలో తేల్చుకోలేక ఊగిసలాడుతున్నవాళ్ళ కోసం ఈ ఎపిసోడ్. నేను ఆర్కిటెక్టును కాదు. కోనసీమలో మా తాతగారు కట్టించిన మండువా ఇంటిని రెండేళ్ళపాటు దగ్గరుండి బాగుచేయించినవాణ్ణి. మేస్త్రీల పక్కన, వడ్రంగుల పక్కన నిలబడి చూసిందీ, నేర్చుకున్నదీ చెబుతాను.

మండువా అంటే తెలియని పిల్లలు కూడా వింటున్నారు కాబట్టి ఒక్క మాట. ఇంటి నడిమధ్యన పైకప్పు లేకుండా ఆకాశానికి తెరిచి వదిలేసిన చోటు అది. చుట్టూ నాలుగు వైపులా వసారాలు, వాటి వెనక గదులు. నాలుగు చూరుల నీళ్ళూ మండువాలోకే పడతాయి, అక్కణ్ణించి తూము గుండా పెరట్లోకి పోతాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో పంట నిలకడగా చేతికొచ్చింది. రైతుల చేతుల్లో నాలుగు డబ్బులు ఆడాయి. ఆ తర్వాత తరాల్లో లేచినవే ఈ పెద్ద లోగిళ్ళు చాలామటుకు. ధాన్యం కొట్టు, పశువుల సావిడి, నూర్పిడి రోజుల్లో పాతికమందికి వండే వంటిల్లు... వ్యవసాయం చేయడానికి కట్టుకున్న ఇళ్ళండి ఇవి, షోకు కోసం కాదు.

మా ఇల్లు కూడా పోవాల్సిందే. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. కురుస్తున్న కప్పు, చెద పట్టిన వాసాలు. పాత కలప కొనే వ్యాపారి ఒకాయన వచ్చి స్తంభాలు, దర్వాజాలు, దూలాలు అన్నీ కలిపి ఒక ధర చెప్పాడు. చిన్న ధరేమీ కాదు. మా బాబాయిగారు "ఇచ్చేద్దాంరా, స్థలం చదును చేసి రెండు గదుల డాబా వేసుకుందాం, అమ్మకీ సుఖం" అన్నారు. ఆ మాటలో తప్పేం లేదు. ఆ స్తంభాలు ఇప్పుడు ఏ రిసార్టులోనో నిలబడి ఉండేవి. మా అమ్మ మాత్రం ఒకటే అంది: "నేనున్నన్నాళ్ళూ ఉండనివ్వండి. కానీ రాత్రిపూట పెరట్లోకి నడవలేకపోతున్నాను."

పని అంతా ఈ రెండు మాటల మధ్యే నడిచింది. ఇల్లు ఇల్లులా ఉండాలి, డెబ్భై అయిదేళ్ళ మనిషి అందులో బతకగలగాలి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పాత ఇంటి అందం అంటే చెక్కిన స్తంభాలూ, ఇత్తడి బొడిపెల తలుపులూ అనుకుంటారు. అవి ఉంచేసి, గోడలకి సిమెంటు పూసి, కింద విట్రిఫైడ్ టైల్స్ పరిచి, మండువా మీద ప్లాస్టిక్ రేకు కప్పేసి "పాతదనం కాపాడాం" అంటారు. రెండు వానాకాలాలు పోనివ్వండి, ఆ ఇల్లు కుళ్ళడం మొదలవుతుంది. నా దృష్టిలో ఇంటి అసలు స్వభావం అంటే నీళ్ళు ఎటు పోతున్నాయి, గాలి ఎలా తిరుగుతోంది, గోడలో చెమ్మ ఎలా బయటికి పోతోంది, ఈ మూడే. స్తంభాల సంగతి ఆ తర్వాత.

గోడల సంగతి కాస్త వివరంగా చెబుతాను, డబ్బు ఎక్కువ వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి. ఆ కాలపు గోడలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి, ఎద్దులు తిప్పే రాతి గానుగలో నలిపేవారు. కొన్నిచోట్ల బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కూడా పోసేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లమెల్లగా మళ్ళీ రాయిగా మారుతుంది. అయినా అది గుల్లగానే ఉంటుంది. మా గోడలు అడుగున్నర మందం, కింద ఇప్పటి ఇళ్ళలాగా చెమ్మను ఆపే పొర ఏదీ లేదు. నేలలోంచి చెమ్మ పైకెక్కుతుంది, సున్నపు పూతలోంచి ఆరిపోతుంది. ఎక్కడం, ఆరడం, అలా తొంభై ఏళ్ళు గడిచాయి.

అలాంటి గోడకి సిమెంటు పూస్తే ఏమవుతుంది? చెమ్మ ఆరే దారి మూసుకుపోతుంది. ఆరలేని నీళ్ళు ఇంకా పైకెక్కుతాయి. ఉప్పు తెల్లగా పూస్తుంది, పూత పెచ్చులూడుతుంది, కొన్నిసార్లు ఇటుక ముఖాన్ని కూడా లాక్కుని ఊడుతుంది. మేస్త్రి వచ్చి "గోడ పాతదైపోయిందండీ" అంటాడు. గోడ పాతదై కాదు, దానికి ఊపిరాడక అలా అయింది. మా వంటింటి గోడకి ఎప్పుడో వేసిన సిమెంటు పూతని చెక్కించేస్తే, లోపల ఇటుక తడిగుడ్డలా ఉంది. నాలుగు నెలలు అలాగే ఆరబెట్టి, అప్పుడు సున్నం పూయించాం.

సున్నం ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. పల్నాడులో పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరున్న ఊరు. తీరప్రాంతాల్లో గుల్ల సున్నం వాడకం కూడా ఉండేది. రాయి సున్నం తెచ్చి, తొట్టిలో నీళ్ళుపోసి ఉడకనిచ్చి, వారాల తరబడి నీళ్ళకిందే ఉంచాలి. ఉడికేటప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, కళ్ళలో పడితే చూపే పోవచ్చు. పూసినవాళ్ళు గబగబా ఆరిపోవాలని చూడకూడదు, తడిపుతూ ఉండాలి. ఆ పైన ఎమల్షన్ రంగులు వద్దు. ప్లాస్టిక్ పొరలాంటిదే అది కూడా. వెల్ల వేయండి చాలు. ఏటా సంక్రాంతికి వెల్ల వేయడం ముచ్చటకి మాత్రమే పెట్టుకున్న ఆచారం కాదని నాకు అప్పుడర్థమైంది.

ఇక కప్పు. మనవాళ్ళు బెంగుళూరు పెంకు అంటారు గానీ, ఆ పెంకుల పుట్టిల్లు మంగుళూరు. బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. మా ఇంట్లో పెంకులు చాలావరకు గట్టిగానే ఉన్నాయి, పోయినవి వాటి కింది రీపర్లు. ఒక్కొక్క పెంకూ దింపి, కడిగి, వేలితో తట్టి చూశాం. ఖంగుమంటే ఉంచాం, బొద్దుగా మోగితే పక్కన పెట్టాం. తక్కువైనవాటికి కొత్తవి కొనలేదు. పక్క ఊళ్ళో ఇల్లు పడగొడుతుంటే అక్కణ్ణించి తెచ్చాం. కొత్త పెంకు కొలత అరంగుళం తేడా వచ్చినా పాతదాంట్లో కుదురుకోదు. మండువా నాలుగు మూలల్లో రెండు వాలులు కలిసేచోట వేసిన రేకు పూర్తిగా తినేసింది. నన్నడిగితే పెంకుటింట్లో కురుపుకి మొదట చూడాల్సింది ఆ మూలలే. చెద తిన్న వాసాల్ని మొత్తం మార్చలేదు. పాడైన కొస కోసి, పాత టేకు ముక్కే అతికించాడు వడ్రంగి. కలప అంతటికీ జీడిపిక్కల నూనె పట్టించాం. వాసన నెలరోజులు వదల్లేదు, నిజం చెప్పాలి కదా.

కోతుల గురించి చెప్పకపోతే పల్లెటూరివాళ్ళు నన్ను నమ్మరు. పెంకుటిళ్ళు పోవడానికి తుపానులెంత కారణమో కోతులూ అంతే కారణం. 1996 నవంబరు తుపాను కోనసీమని చిదిమేసినప్పుడు పెంకులు పోగొట్టుకున్న చాలామంది ఇక డాబాలకే మళ్ళారు. ఈ పెంకులకి అడుగున తీగ కట్టుకోవడానికి చిన్న బెజ్జం ఉంటుంది, దాన్ని ఎవరూ వాడరు. మేం చూరు వెంబడి వరసలన్నిటినీ రాగి తీగతో రీపర్లకి కట్టించాం. ఇప్పుడు కోతి లాగినా పెంకు రాదు. పూర్తిగా ఆగాయా అంటే లేదు, నష్టం తగ్గింది.

మండువా మీద కప్పు వేయమని అందరూ చెప్పారు. వేయలేదు. వేడి గాలి పైకి పోయే దారి అదే. మూసేస్తే మే నెలలో నడవలో కూర్చోలేరు. దొంగల భయానికి, కోతులకి ఇనుప జాలీ మాత్రం బిగించాం. ఏసీ కావాలంటే, పైన చెక్క అటక ఉన్న ఒక్క గదికే పెట్టుకోండి. పెంకు సందుల్లోంచి చల్లదనమంతా పోయే గదిలో ఏసీ పెడితే కరెంటు బిల్లు తప్ప ఏమీ మిగలదు. కరెంటు పైపులు కూడా గోడ మీదనుంచే తీయించాం. సున్నపు గోడకి గాడి కొట్టడం మొదలుపెడితే ఇటుకలు కదిలిపోతాయి.

అమ్మ మాటకొద్దాం. స్నానాల గది, మరుగుదొడ్డి ఇంటి లోపల పెట్టలేదు. సున్నపు గోడల మధ్య రోజంతా నీళ్ళుపడే గది పెట్టడం నాకిష్టం లేదు. వెనక వసారాని ఆనుకుని, పాత గోడకి భారం వేయకుండా విడి పునాది మీద కొత్త గది కట్టించి, కప్పు ఉన్న నడవతో కలిపాం. అందులో సిమెంటు, టైల్సు అన్నీ వాడాం, దానికేం అభ్యంతరం లేదు. కొత్తది కొత్తగానే కనిపించనివ్వండి. అమ్మ మంచం నుంచి పద్దెనిమిది అడుగులు. దారిలో ఒక గడప అడ్డం. కోసేద్దామన్నాడు వడ్రంగి. పసుపు రాసే గడపని కోయనిస్తుందా అమ్మ? రెండువైపులా చెక్కతో వాలు పెట్టించాం. కావాలంటే తీసేయొచ్చు.

ఇంకో చిక్కు రోడ్డు. ఊళ్ళో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ జానెడు లేస్తుంది. మా వీధి అరుగు ఒకప్పుడు నడుమెత్తు ఉండేదట, ఇప్పుడు మోకాలి కిందికొచ్చింది. జాకీలతో ఇల్లు లేపేవాళ్ళని పిలిపించి మాట్లాడాం. కింద కాంక్రీటు బీము లేని సున్నపు గోడల్ని, చెక్క స్తంభాల్నీ లేపించడానికి నాకు ధైర్యం చాలలేదు. దాని బదులు ఇంటి చుట్టూ లోతైన కాలువ తవ్వించి, మండువా తూముని దాంట్లో కలిపి, పెరటి వెనకున్న పంటబోదెలోకి వదిలాం. ఇప్పటికైతే నీళ్ళు లోపలికి రాలేదు.

చివరిగా డబ్బూ, మనుషులూ. ఖర్చు డాబా కన్నా తక్కువేమీ కాలేదు, కూలీ రోజులు చాలా ఎక్కువ పట్టాయి. ఇల్లు ఉమ్మడిది. ఒకళ్ళు ఖర్చు పెట్టాక పంపకాల దగ్గర గొడవలొస్తాయి. మొదటి పెంకు దింపకముందే అందరం కూర్చుని, ఎవరెంత పెడుతున్నారు, రేపు అమ్మాల్సివస్తే ఆ డబ్బు ఎలా లెక్కకట్టాలి అన్నది కాగితం మీద రాసుకున్నాం. అత్తయ్యల సంతకాలు కూడా తీసుకున్నాం. "ఆడపిల్లలకెందుకు" అన్నవాళ్ళున్నారు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళ హక్కు మన రాష్ట్రంలో 1986లోనే చట్టమైంది, 2005లో దేశమంతా వచ్చింది. మీ ఇంట్లో ఎవరికెంత వస్తుందన్నది మాత్రం వకీలుని అడగాల్సిందే. మా పెద్దత్తయ్య సంతకం పెడుతూ "నా పెళ్ళి పీటలు ఈ మండువాలోనే వేశార్రా" అంది. బాబాయిగారు ఆ రోజు ఏం మాట్లాడలేదు గానీ, వాసాల ఖర్చు మొత్తం ఆయనే పెట్టుకున్నారు.

పని మొదలుపెట్టేవాళ్ళు సంక్రాంతి వెళ్ళగానే కప్పు దింపండి, మృగశిర కార్తె లోపల మళ్ళీ ఎక్కించేయాలి. ఒకేసారి నాలుగు వైపులా విప్పకండి, ఒక్కో వైపు చేసుకుంటూ రండి. సున్నం ఉడకబెట్టి నిలవ పెట్టడం మాత్రం దసరా నాటికే మొదలుపెట్టాలి. ఆ పని తొట్టి తవ్వడం దగ్గర్నుంచి వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తాను. ఉంటానండి.