రెండు పోట్ల నడుమ
(సమితి ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాది సభలో సాహిత్యవిషయమేదైన మాటాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పగలెల్ల జమాఖర్చులు చూచుకొనువాడను. నాకు తెలిసిన సాహిత్యము మీలో పెక్కుమందికి నాకంటె బాగుగ తెలియును. మీకు తెలియనిదియు, నాకు ఇటీవలనే తెలిసివచ్చినదియు ఒక్కటి కలదు. అది పాతపడవను బాగుచేయుట. ఈ మాట విని కార్యదర్శిగారు ఒక క్షణము ఆలోచించి, "పడవ కూడ సంస్కృతియే గదా, కానిండు" అనిరి. తప్పు నాది ఒక్కనిదే కాదని మనవి చేయుటకు ఈ సంగతి ముందుగా చెప్పితిని.

ఆ పడవ మా మామగారిది. ఆయన యానాములో కాపురముండి, గౌతమి నడుమనున్న ఒక లంకలోని తమ కొబ్బరితోటకు దానిమీదనే పోయి వచ్చుచుండెడివారు. 28 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. టేకు పలకలు, నల్లమద్ది పక్కకర్రలు, ఒక్క తెరచాప. 2002లో యానామునకు, ఎదుర్లంకకు నడుమ గౌతమిపై వంతెన వచ్చినది. లోక్‌సభ సభాపతిగా నుండి ఆ యేటనే దుర్మరణము పాలైన బాలయోగి గారి పేరు దానికి పెట్టిరి. వంతెనతో పంటు పోయినది, రేవులోని సందడి పోయినది. లంకకు మాత్రము వంతెన లేదు, నేటికిని పడవయే దిక్కు. మామగారు కాలము చేసిన పిమ్మట ఆ పడవ కట్టినచోటనే కొన్ని వేసవులు నీటిలో నానుచుండెను. మా బావమరిది ఫైబరు పడవను అద్దెకు తెచ్చి కాయలు దాటించుకొనుచు, ఒకనాటి రాత్రి ఫోనులో, "అక్కా, నాన్న పడవని అడితీవాడు అడుగుతున్నాడే, ఇచ్చేద్దామా?" అని అడిగెను.

నా భార్య, "నేను వచ్చేదాకా దాని మీద చెయ్యి వెయ్యకు" అని ఫోను పెట్టివేసి, నా వైపు తిరిగి, "ఏమండీ, మీకు సెలవు ఎన్ని రోజులుంది?" అనెను.

20 దినములు దొరకినది. దరఖాస్తులో కారణము వ్రాయుచోట "గృహకృత్యములు" అని వ్రాసితిని. పడవ గృహమెట్లగునని మా పై అధికారి అడుగలేదు, నేను చెప్పలేదు. ఇరువది దినములు చాలునా యను ప్రశ్నకు సమాధానము సెలవు నియమావళిలో లేదు, చంద్రునిలో నున్నది. అంత బరువు పడవను ఒడ్డుమీది కెక్కించుటకు అమావాస్య నాటి పెద్దపోటు కావలెను; దింపుటకు పౌర్ణమి నాటి పోటు కావలెను. నడుమనున్న దినములలో నీరు అంత ఎత్తునకు రాదు. అనగా పని ముగించుటకు పక్షము దినములే. పౌర్ణమి తప్పినచో మరల అమావాస్య వఱకు పడవ గట్టుమీదనే. నేను మాత్రము ఇక్కడ నా కుర్చీలో.

పనిముట్లు, మేకులు, గుగ్గిలము, వంటసామాను ఉండుటచే రైలు మాని మా చిన్నకారులోనే బయలుదేరితిమి. పుదుచ్చేరినుండి యానాము సుమారు 850 కిలోమీటర్లు. ఇంత దూరము పోయి దిగినచోటు మరల మన కేంద్రపాలిత ప్రాంతమే యగుట ఒక వింత. దారిలో ఆంధ్రదేశపు పోలీసువారు మా బండి మీది పీవై అక్షరములు చూచి, "ఎక్కడ నుంచి ఎక్కడికండీ?" అని అడిగినపుడు, "పుదుచ్చేరి నుండి పుదుచ్చేరికే" అని చెప్పవలెనని నాకు నోరూరినది. నా భార్య కన్నులెఱ్ఱ చేయుటచే ఊరకుంటిని.

సముద్రపు రోడ్డున మరక్కాణము దాటునపుడు ఉప్పుమళ్ళ ప్రక్కన బండి నిలిపితిని. బకింగుహాము కాలువ దక్షిణపు కొస అక్కడనే. 1806లో చెన్నపట్టణమునుండి ఎన్నూరునకు త్రవ్విన చిన్నకాలువ నానాటికి సాగి, ఉత్తరమున పెదగంజాము వఱకు, దక్షిణమున మరక్కాణము వఱకు సుమారు 420 కిలోమీటర్లైనది. 1877–78లో ధాతకరవు పనిగా పట్టణమునడుమ అడయారునకు, కూవమునకు మధ్య తుండు త్రవ్వించిరి. నాటి గవర్నరు బకింగుహాము ప్రభువు పేరు కాలువకంతకు అట్లు వచ్చినది. పెదగంజాము వద్ద కొమ్మమూరు కాలువ, బెజవాడనుండి ఏలూరు కాలువ, గోదావరి దాటినచో కాకినాడ కాలువ. కాకినాడలో పడవ ఎక్కినవాడు సముద్రపు అలను తాకకుండ మరక్కాణములో దిగగలిగెడివాడు. బియ్యము, ఉప్పు, వంటచెఱకు అట్లే పట్టణమునకు నడచెను. తన తాతగారు ధాన్యపు పడవతో చెన్నపట్టణము వఱకు వచ్చి, నెలదినములకు తిరిగిపోయిరని నా భార్య చెప్పెను. 1965, 66 సంవత్సరముల తుపానులకు దెబ్బతిని కాలువ రాకపోకలు క్షీణించినవి. 2008లో ఈ జలమార్గమునే నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. మేమాగినచోట ఒక కొంగ, రెండు ప్లాస్టికు సంచులు ఆ మార్గమున పయనించుచుండెను.

చెన్నపట్టణమున పారీసు ప్రాంతమందొక దుకాణములో రాగిమేకులు ఆరు కిలోలు కొంటిమి. ఉప్పునీట ఇనుపమేకు తాను తుప్పుపట్టుటయే కాక చుట్టునున్న కొయ్యనుగూడ చెఱచును. ఈ మేకుల కథ ముందు వచ్చును.

ఆ రాత్రి చీరాలలో బస. దానికి ముందు మోటుపల్లిని చూడవలెనని ప్రధానమార్గము వదలి పోయితిమి. 1244లో కాకతి గణపతిదేవచక్రవర్తి అక్కడ వేయించిన అభయశాసనమును మీలో చరిత్ర చదివినవారు ఎఱుగుదురు. పూర్వపురాజులు తుపానుకు చిక్కి ఒడ్డునబడిన ఓడలలోని సరకునంతను బలిమిని లాగుకొనుచుండగా, ఆయన సముద్రయానపు సాహసమునకు జాలిగొని, నిర్ణయమైన శుల్కము తప్ప తక్కినదంతయు వర్తకునికే విడిచెను. ఆ శుల్కము ముప్పదింట ఒకవంతు. జమాఖర్చుల వాడను గనుక ఆ లెక్క నాకు నచ్చినది. నా భార్యకు వేరొకటి నచ్చినది. "పగిలిన పడవ కూడా ఎవరిదో ఒకరిదే అన్నాడు కదండీ ఆయన" అనెను.

మరునాడు పెనుమూడి వద్ద కృష్ణను దాటి, బందరు, నరసాపురము, చించినాడ, రాజోలు, అమలాపురము మీదుగా దీపాలవేళకు యానాము చేరితిమి. మసూలా పడవలను గూర్చి బందరులో ఒక గంట ప్రసంగించితినని నా భార్య అనును, పావుగంటయే. పలకలను మేకులతో గాక కొబ్బరిపీచు త్రాళ్ళతో కుట్టిన పడవలవి. అల విసరి కొట్టినను కుట్టు సాగి పలక పగులదు. మన పుదుచ్చేరి తీరమునగూడ ఓడలనుండి సరకును, మనుష్యులను ఒడ్డుచేర్చినవి అవియే.

అమావాస్య నాడు ఇరువదిమంది కలిసి, తాటిదుంగలమీద దొరలించి పడవను గట్టెక్కించిరి. పనివాని దొరకించుకొనుటయే కష్టమైనది. ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు సముద్రపు వేట నిషేధము. మరపడవల వారందఱును అప్పుడే మరమ్మతులు పెట్టుకొందురు. తాళ్ళరేవునుండి ఒక వృద్ధుడు వచ్చెను. ఈ పడవ కట్టునపుడు తండ్రి చేతికి ఉలి అందించిన పిల్లవాడు తానేనట. ఆ ఒక్క కారణమున వచ్చితినని చెప్పెను. తాళ్ళరేవు, కోరంగి ప్రాంతము ఓడలు కట్టుటకు పేరుపడినది. బర్మాలో తెలుగువారినందఱిని కోరంగీలని పిలుచుటకు మూలము ఆ రేవే. 1789లో ఒకసారి, 1839 నవంబరు 25న మరియొకసారి ఉప్పెన వచ్చి ఆ రేవును ముంచినది. ఊరు చిన్నదైపోయినను బాడిస పట్టిన చేతులు ఆ చుట్టుప్రక్కల ఇంకను కొన్ని మిగిలినవి.

ఆయన మొదట చేసినపని, జేబులోనుండి పాతరేడియో అయస్కాంతమును తీసి మా మేకుల డబ్బాలో పెట్టుట. సగము మేకులు దానికి అంటుకొని పైకి వచ్చినవి. ఇనుముకు రాగిపూత! "పట్నం సరుకండి, ఆయ్" అని మాత్రము అనెను. నాకు దుకాణమువానిపై కలిగిన కోపముకంటె, రసీదును భద్రముగా దాచుకొన్న నా మీద కలిగిన సిగ్గే ఎక్కువ. పడవలోని పాతరాగిమేకులను పెఱికి, సరిచేసి తిరిగి వాడితిమి. నా భార్య రోజుకు రెండు వందల మేకులు సరిచేసెను. నావి వంకరగానే యుండెనని ఆయన మరల సరిచేసికొనెడివాడు.

నాలుగవనాడు అడుగుపలకలు విప్పగా అసలు సంగతి బయటపడినది. పడవకు వెన్నెముక వంటి అడుగుదూలము చుక్కానివైపున అయిదడుగుల మేర తేనెపట్టువలె నున్నది. ఇది ఉప్పునీటి కొయ్యపురుగు పని. పురుగందురు గాని అది ఆలుచిప్పల జాతిది; తలనున్న చిన్నచిప్పలతో కొయ్యను తొలుచుకొని పోవును, పైపొరను మాత్రము ముట్టదు. అందుచే పైకి చూచినవారికి దూలము నిక్షేపముగ కనబడును. గోదావరికి వరద వచ్చి నీరు తియ్యనగునపుడు ఆ జీవి చచ్చును. తిన్న కొయ్య మాత్రము తిరిగి రాదు. మామగారు ప్రతివేసవి పడవను గట్టెక్కించి నూనె పూయించెడివారట.

దూలమంతయు మార్చుటకు కాలము లేదు. చెడిన భాగమును కోసి, ఏటవాలుగా చెక్కి, క్రొత్తకొయ్యను పొడవైన అతుకుతో కలుపవలెను. ముదురు టేకు, ఏండ్లతరబడి ఎండినది, ఏడడుగులు కావలెననెను. అడితీలన్నియు తిరిగితిమి, ఉన్నదంతయు పచ్చికొయ్యయే. తిథి అష్టమి అయినది.

మా బావమరిది పాతయిల్లు విప్పి మేడ కట్టుచుండెను. వసారా దూలమొకటి పెరటిలో గోనెలు కప్పియుండెను. దానిని కప్పించినది నా భార్యయే. చిన్ననాడు వారి తల్లి తమ్ముళ్ళకు, ఆమెకు ఉయ్యాల కట్టిన దూలము అదియేనట. పుదుచ్చేరికి తెచ్చి మా యింట ఉయ్యాలబల్ల చేయింపవలెనని రెండేండ్లుగా ఆమె చెప్పుచున్నది. ఆ సాయంకాలము ఎవ్వరును ఆ మాట ఎత్తలేదు. ఎవ్వరమును ఎత్తకపోవుటచేతనే అందఱికిని అదియే మనసున నున్నదని తెలిసినది. తెల్లవారి ఆమెయే గోనెలు తీసి ఆ వృద్ధుని పిలిచెను. ఆయన గోటితో గీచి, వేలిముడుపుతో తట్టి, చెవి ఆనించి విని, రంపము అందుకొనక నిలుచుండెను.

"కోసేస్తే మళ్ళీ అతకదు, అమ్మాయిగారూ. ఆలోచించుకోండి."

"నాన్న పడవకి అమ్మ దూలం. ఆలోచించడానికి ఏముంది, కొయ్యండి."

అని లోపలికి పోయెను. రంపపుమోత ఆగువఱకు వెలుపలికి రాలేదు. నేను వెంట పోవలెనో, దూలము పట్టుకొనవలెనో తెలియక దూలమే పట్టుకొంటిని.

పిదప పని పరుగెత్తినది. అతుకు కుదురుటకు మూడు దినములు పట్టినది. పలకల సందులలో నూలు కూరి, గుగ్గిలమును నూనెతో కాచి పోసితిమి. చతుర్దశి రాత్రి దీపాలు పెట్టుకొని తుదిపూత వేసితిమి. పౌర్ణమి ఉదయపు పోటున, కొబ్బరికాయ కొట్టి, పడవను దింపితిమి.

దింపిన అరగంటకు మోకాలిలోతు నీరు! నాకు కాళ్ళాడలేదు. వృద్ధుడు చుట్ట వెలిగించుకొని నవ్వెను. పక్షము దినములు ఎండిన పలకలు నీరు త్రాగి ఉబ్బి తమంతట తాము బిగిసికొనవలెనట; మూడునాలుగు దినములు తోడుచుండవలెనట. నాకు మరునాడే బయలుదేరక తప్పదు. "మీరు వెళ్ళండి, నేను తోడుకుంటాను" అని నా భార్య చీరకొంగు బిగించెను. 850 కిలోమీటర్లు నేనొక్కడనే వచ్చితిని. కాలువలను గూర్చి చెప్పుటకు ప్రక్కన ఎవ్వరును లేరు.

ఆమె రోజును ఫోను చేసెడిది. మొదటినాడు నూటయేబది బొక్కెనలు. రెండవనాడు అరువది. మూడవనాడు పదునాలుగు. నాలుగవనాడు, "రెండు చెంబులండీ. తమ్ముడు లంకకి వెళ్ళి కాయలు వేసుకొచ్చాడు" అనెను.

ఖర్చు ఎంతయైనదని మీరడుగుదురు. లెక్క పైసలతో సహా నా యొద్ద నున్నది, చెప్పను. ఆ మూడు కిలోల రాగిపూత మేకులుగూడ మా కారు వెనుకనే యున్నవి, గుంటలలో గలగలలాడుచుండును. సభ్యులలో ఎవరికైన పటములు తగిలించుకొనుటకు కావలసినచో సభానంతరము నన్ను కలిసికొనగోరెదను.